సముద్రంలో ఫ్యాన్లకు మద్దతు ధర – కట్టేదెవరు?



కరెంటు బిల్లుల మీద నేను రాసిన పోయిన పోస్టు చదివి చాలామంది ఒకే ప్రశ్న అడిగినారు. "గాలి ఉత్తిగానే వస్తాది కదన్నా, దానికి మళ్లీ సబ్సిడీ ఎందుకు? అదీ సముద్రంలో పెట్టే ఫ్యాన్లకు వేల కోట్లంట!" అని. న్యాయమైన ప్రశ్నే. మా అనంతపురం వైపు గుట్టల మీద ఫ్యాన్లు చూసీ చూసీ మనకు అలవాటైపోయింది. సముద్రం ఫ్యాన్ల కథ వేరు. మన దేశంలో ఇంకా ఒక్కటి కూడా తిరగడం లేదు. అయినా 2024 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ దీనికోసం 7,453 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది. గుజరాత్ సముద్రంలో 500 మెగావాట్లు, తమిళనాడు సముద్రంలో 500 మెగావాట్లు.

ఇది ఎవరి డబ్బు, ఎట్లా తిరిగొస్తుంది అని తెలుసుకోవాలంటే ముందుగా ఈ పని చేసిన దేశాన్ని చూడాలి. అది బ్రిటన్. వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా సముద్రం గాలి కరెంటుకు సబ్సిడీ ఇస్తున్నారు. మంచీ చూసినారు, చెడూ చూసినారు. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు సంగతి. గాలి ఉత్తిదే, వాన కూడా ఉత్తిదే. కానీ బోరు వేయాలంటే, మోటరు దించాలంటే, పైపులు పరవాలంటే ఎంతవుతుందో మనకు తెలుసు. సముద్రంలో ఫ్యాను అంటే నీళ్ల అడుగున పునాది, దాన్ని నిలబెట్టడానికి ప్రత్యేకమైన ఓడలు, సముద్రం అడుగున కేబులు, ఉప్పుగాలికి తుప్పు పట్టని సామాను. రిపేరు వస్తే పడవలోనో హెలికాప్టర్‌లోనో పోవాలి. బొగ్గు ప్లాంటుకు ఖర్చు ఏడాదేడాదీ బొగ్గు కొనడంలో ఉంటుంది. దీనికి ఖర్చు దాదాపు అంతా మొదట్లోనే. అంటే అప్పు మొదట్లోనే, వడ్డీ మొదటి రోజు నుంచే.

చీనీ తోట పెట్టినోళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నాలుగైదేళ్లు పెట్టుబడి పెట్టి, నీళ్లు పోసి, కాపు కోసం కాచుకోవాలి. కాపు వచ్చే నాటికి రేటు ఎంతుంటుందో ఎవరికీ తెలీదు. అదే ఎవరన్నా వచ్చి "నీ కాయ టన్ను ఇంత రేటుకు పదిహేనేళ్లు కొంటా, ఇదిగో కాగితం" అంటే బ్యాంకోడు తక్కువ వడ్డీకే అప్పిస్తాడు. వడ్డీ తగ్గితే కాయ తక్కువ రేటుకు ఇచ్చినా మనకు గిట్టుబాటు అవుతుంది. సముద్రం ఫ్యాన్లకు ప్రభుత్వాలు సాయం చేయడంలో కిటుకు ఇదే. సాయం అంటే డబ్బు పంచడం ఒక్కటే కాదు, రేటు ఖాయం చేయడం కూడా సాయమే.

సముద్రంలో మొట్టమొదట ఫ్యాన్లు నాటింది డెన్మార్క్, 1991లో, విండెబీ అనే చోట. పదకొండు ఫ్యాన్లు, ఒక్కోటి 450 కిలోవాట్లు. పాతికేళ్లు తిరిగినాక 2017లో విప్పేసినారు. ఆ తర్వాత పెద్ద ఎత్తున దిగింది బ్రిటన్.

బ్రిటన్ మొదటి పద్ధతి 2002లో మొదలైంది. గాలి కరెంటు తయారు చేసినోడికి సర్టిఫికెట్లు ఇస్తారు. కరెంటు అమ్మే కంపెనీలు ఆ సర్టిఫికెట్లు తప్పకుండా కొనాలి. కొన్న ఖర్చు జనం బిల్లులో వేసుకుంటారు. సముద్రం ఫ్యాన్లకు కొన్నేళ్లు వెయ్యి యూనిట్లకు రెండు సర్టిఫికెట్లు ఇచ్చినారు. దీంట్లో లోపం ఏందంటే, ఇది మార్కెట్ రేటు మీద బోనస్. రేటు తక్కువున్నా బోనస్, ఎక్కువున్నా బోనస్.

2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు రేటు ఆకాశానికి పోయింది. బ్రిటన్‌లో చాలా గంటలు కరెంటు రేటు తేల్చేది గ్యాసు ప్లాంటే. మన యార్డులో ఆఖరున అమ్ముడైన లాటు రేటే అందరికీ కట్టిస్తే ఎట్లుంటుందో అట్లా. గ్యాసుతో పాటు గాలి కరెంటుకూ ఆ రేటే. పాత పద్ధతిలో ఉన్న ఫ్యాన్లలో మార్కెట్ రేటుకు అమ్మినోళ్లకు అటు ఎక్కువ రేటూ వచ్చింది, ఇటు బోనసూ వచ్చింది. ఇంట్లో హీటర్ వేసుకోలేక జనం అల్లాడుతుంటే ఇదేంది అని గోల లేచింది. 2023 జనవరి నుంచి అట్లాంటి అదనపు ఆదాయం మీద 45 శాతం ప్రత్యేక పన్ను వేసినారు. ముందే కాగితంలో రాసుకోని దాన్ని తర్వాత పన్నుతో పట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండో పద్ధతి. ఇది మనకు బాగా అర్థమవుతుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు పెట్టి, అంతకంటే తక్కువకు పోతే తేడా ఇస్తామన్నది గుర్తుందా? బ్రిటన్ కొత్త పద్ధతి అచ్చం అట్లాంటిదే. 2013లో చట్టం చేసి, 2014 నుంచి అమలు చేసినారు. వేలంలో కంపెనీ ఒక రేటు చెప్తుంది. మార్కెట్ రేటు దానికంటే తక్కువుంటే తేడా కంపెనీకి ఇస్తారు. ఆ తేడా కరెంటు అమ్మే కంపెనీల దగ్గర వసూలు చేస్తారు, వాళ్లు జనం బిల్లులో కలుపుతారు. 2024 వేలం దాకా ఒప్పందం పదిహేనేళ్లు.

అయితే మన మిర్చి పథకంలో లేని మాట ఇందులో ఒకటుంది. మార్కెట్ రేటు ఒప్పుకున్న రేటు కంటే పెరిగితే, ఆ పెరిగిన తేడా కంపెనీ వెనక్కి కట్టాలి. మిర్చి 11,781 కంటే తక్కువైతే తేడా తీసుకుంటాం సరే, 25 వేలకు అమ్మితే పైది వెనక్కి కట్టమంటే మనలో ఎంతమంది ఒప్పుకుంటాం? కానీ కరెంటు కొనే జనం వైపు నుంచి చూస్తే ఇదే న్యాయం. పడినప్పుడు నేను నిన్ను ఆదుకుంటే, లేచినప్పుడు నువ్వు నన్ను ఆదుకోవాలి. గ్యాసు రేటు మండిన ఆ చలికాలంలో ఈ పద్ధతి కింద ఉన్న ఫ్యాన్లు నిజంగానే డబ్బు వెనక్కి కట్టినాయి.

అందులోనూ ఒక సందు మిగిలిపోయింది. ఒప్పందం ఎప్పుడు మొదలుపెట్టాలో కంపెనీకి కొంత వెసులుబాటు ఇచ్చినారు. దాంతో కొన్ని కొత్త ఫ్యాన్ల క్షేత్రాలు కట్టడం అయిపోయినా ఒప్పందం మొదలుపెట్టకుండా, మండిపోతున్న మార్కెట్లోనే అమ్ముకున్నాయి. తప్పుడు పని కాదు, కాగితంలో ఉన్న వెసులుబాటే వాడుకున్నారు. కాగితం రాసినోళ్లకు ఆ ఊహ తట్టలేదు. కౌలు కాగితం రాసుకునేటప్పుడు "మొదలు తేదీ" ఎంత ముఖ్యమో కౌలుకు చేసేటోళ్లకు తెలుసు.

ఇప్పుడు రేట్లు చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి ఒక పౌను వంద రూపాయలు అనుకుందాం. నిజానికి ఇంకా ఎక్కువే. బ్రిటన్‌లో ఈ రేట్లన్నీ 2012 ధరల్లో చెప్పినారు, ఏటా ధరల పెరుగుదల కలుపుకుంటూ పోతారు. కాబట్టి పేపర్లో కనిపించే రేటు కంటే అసలు కట్టేది ఎక్కువ.

2014లో వేలం లేకుండా ఇచ్చిన మొదటి ఒప్పందాలు: యూనిట్ 14 నుంచి 15 రూపాయలు. 
2015 వేలం: 11 రూపాయల 40 పైసల నుంచి 12 రూపాయల దాకా. 
2017 వేలంలో అతి తక్కువ: 5 రూపాయల 75 పైసలు. 
2019లో అతి తక్కువ: 3 రూపాయల 97 పైసలు. 
2022లో: 3 రూపాయల 73 పైసలు.

ఎనిమిదేళ్లలో నాలుగో వంతుకు దిగింది. ఫ్యాన్లు పెద్దవైనాయి, ఓడలు వచ్చినాయి, పనోళ్లకు చెయ్యి తిరిగింది, వడ్డీలు తక్కువున్నాయి. ఇక సబ్సిడీ రోజులు అయిపోయినట్టే అని అందరూ అనుకున్నారు.

2023లో వేలం పెట్టినారు. గరిష్ఠ రేటు 4 రూపాయల 40 పైసలు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఇనుము రేటు పెరిగింది, వడ్డీ పెరిగింది, సామాను దొరకడం కష్టమైంది. అంతకు ముందు తక్కువ రేటుకు ఒప్పుకున్న వాటిలో వాటెన్‌ఫాల్ అనే స్వీడన్ కంపెనీ, ఖర్చులు 40 శాతం దాకా పెరిగినాయని చెప్పి నార్ఫోక్ దగ్గర పని ఆపేసింది. మన దగ్గర టెండర్‌లో అందరికంటే తక్కువ కోట్ చేసి పని దక్కించుకుని, కాలవ సగం తవ్వి వదిలేసి పోయే కాంట్రాక్టర్లను చూసినాం కదా. తక్కువ రేటు అని సంబరపడితే చాలదు, ఆ రేటుకు పని పూర్తవుతుందా అనేది చూడాలి.

2024లో ప్రభుత్వం గరిష్ఠ రేటు 7 రూపాయల 30 పైసలకు పెంచింది. అప్పుడు వచ్చినారు. 5 రూపాయల 42 పైసలకు, 5 రూపాయల 89 పైసలకు తేలింది. అయినా 2025 మేలో ఓర్‌స్టెడ్ అనే డెన్మార్క్ కంపెనీ, ఆ వేలంలోనే దక్కించుకున్న హార్న్‌సీ 4 అనే 2,400 మెగావాట్ల పని గిట్టదని ఆపేసింది. పొరుగు దేశాల్లోనూ ఇదే పరిస్థితి. 2023లో జర్మనీలో సబ్సిడీ అడగకపోగా, సముద్రంలో చోటు కోసం కంపెనీలే ఎదురు డబ్బు కడతామన్నాయి, 1,260 కోట్ల యూరోలు. రెండేళ్లు తిరిగేసరికి 2025 ఆగస్టులో అదే జర్మనీ వేలానికి ఎవరూ రాలేదు. సబ్సిడీ లేకుండా పిలిస్తే ఎవరూ రాక, డెన్మార్క్ మళ్లీ సబ్సిడీకే వచ్చింది.

ఇక బిల్లులో కనపడని ఇంకో ఖర్చుంది, తీగలది. బ్రిటన్‌లో గాలి ఎక్కువ స్కాట్‌లాండ్ వైపు, కరెంటు వాడకం ఎక్కువ దక్షిణాన. మధ్యలో లైన్లు చాలవు. గాలి బాగా వీచిన రోజు స్కాట్‌లాండ్‌లో ఫ్యాన్లు ఆపమని చెప్పి, ఆపినందుకు డబ్బు కడతారు. అదే టైములో దక్షిణాన గ్యాసు ప్లాంటు నడపమని దానికీ కడతారు. రెండూ జనం బిల్లులోకే. గాలి ఉన్నా ఫ్యాన్లు ఆపించే గొడవ మన రాష్ట్రంలోనూ వచ్చిందే కాబట్టి ఇది మనకు కొత్త కాదు. సరుకు పండించి, రోడ్డు లేక పొలంలోనే మాగబెట్టుకున్నట్టు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సబ్సిడీ కరెంటు బిల్లులో వేయాలా, ప్రభుత్వ ఖజానా నుంచి ఇవ్వాలా?

బిల్లులో వేస్తే యూనిట్‌కు ఇంత అని పడుతుంది. రెండు గదుల ఇంట్లో ఉండే ముసలామెకూ అదే, బంగళాలో ఉండేటోడికీ అదే. ఆదాయంతో పోలిస్తే పేదోడి మీదే బరువు ఎక్కువ. ఖజానా నుంచి ఇస్తే ఆదాయం ఎక్కువున్నోడు పన్ను ఎక్కువ కడతాడు కాబట్టి బరువు కొంచెం సర్దుకుంటుంది. అంతేకాదు, ఏటా బడ్జెట్‌లో అంకె కనపడుతుంది, అడగడానికి వీలుంటుంది. బ్రిటన్ ఇన్నేళ్లూ బిల్లులోనే వేసింది. చివరికి 2025 నవంబర్ బడ్జెట్‌లో, పాత సర్టిఫికెట్ల పద్ధతి ఖర్చులో ఇళ్ల బిల్లుల మీద పడే దాంట్లో 75 శాతం మూడేళ్లు ఖజానా నుంచి కడతామని, 2026 ఏప్రిల్ నుంచి అమలని ప్రకటించింది. ఇరవై ఏళ్లు బిల్లులో మోసినాక వచ్చిన తెలివి ఇది.

ఈ కొలతతో మన కేంద్ర పథకాన్ని చూద్దాం. 7,453 కోట్లలో 600 కోట్లు రెండు రేవులను బాగుచేయడానికి. 6,853 కోట్లు ఫ్యాన్లు పెట్టే వాళ్లకు, గిట్టుబాటు కాని తేడా పూడ్చడానికి. ఇది ఖజానా డబ్బు, బిల్లులో నేరుగా పడదు. అంతవరకు బ్రిటన్ కంటే మెరుగే. ఏడాదికి 372 కోట్ల యూనిట్లు వస్తాయని, పాతికేళ్లు నడుస్తాయని ప్రభుత్వ లెక్క. నేను కూర్చుని భాగించి చూసినా. 372 కోట్లు ఇంటూ 25 అంటే 9,300 కోట్ల యూనిట్లు. 6,853ను దాంతో భాగిస్తే యూనిట్‌కు 74 పైసలు. డబ్బు ముందే ఇస్తారు కాబట్టి వడ్డీ కలిపితే ఇంకా ఎక్కువ. కంపెనీకి డిస్కం కట్టే రేటు దీని మీద వేరేగా ఉంటుంది.

కానీ ఇక్కడ కూడా తీగల ఖర్చుంది. సముద్రంలో సబ్‌స్టేషన్లు, ఒడ్డుకు తెచ్చే లైన్లు పవర్‌గ్రిడ్ కడుతుంది. ఆ ఖర్చు ట్రాన్స్‌మిషన్ చార్జీల్లోకి వస్తుంది. పైగా 2032 డిసెంబర్ లోపల మొదలయ్యే సముద్రం ఫ్యాన్ల కరెంటుకు అంతర్‌రాష్ట్ర లైన్ల చార్జీ మాఫీ ఉంది. మాఫీ అంటే ఖర్చు మాయం కావడం కాదు. దేశం మొత్తం లైన్ల ఖర్చు ఒకే కుప్పగా పోసి, వాడుకునే డిస్కంలు పంచుకుంటాయి. ఒకడికి మాఫీ చేస్తే వాడి వంతు మిగతావాళ్ల మీదికి జరుగుతుంది. అంటే గుజరాత్ సముద్రంలో తిరిగే ఫ్యానుకు మన డిస్కం కూడా ఎంతో కొంత కడుతుంది. అది మన బిల్లులోకి వస్తుంది. "సముద్రం ఫ్యాను" అని పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఒప్పందం రాసుకునే ముందే ఎందుకు ఇంత చూడాలంటే, మన రాష్ట్రం అనుభవమే చాలు. గుట్టల మీది ఫ్యాన్లకు యూనిట్ 4 రూపాయల 80 పైసల పైచిలుకు రేటుతో పాతికేళ్లకు ఒప్పందాలు జరిగినాయి. 2017 ఆఖరికి గుజరాత్ వేలంలో గాలి కరెంటు 2 రూపాయల 43 పైసలకు దిగింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత రేట్లు తగ్గించాలని కమిటీ వేసింది. కేసులు నడిచినాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ప్రకారమే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో ఇవ్వాలని తీర్పిచ్చింది. సంతకం పెట్టినాక పాతికేళ్లు మోయాల్సిందే. కాబట్టి అడిగేది సంతకానికి ముందే అడగాలి.

"మనకు మోటరు కరెంటు ఉచితం కదా, మనకేం పోయింది?" అనే తమ్ముళ్లకు ఒక మాట. 2004 నుంచి మనకు ఉచిత కరెంటు వస్తోంది. అది ఉచితం మనకే. డిస్కంకు ప్రభుత్వం కడుతోంది, మిగతా వినియోగదారులూ కొంత మోస్తున్నారు. మనం కూడా సబ్సిడీ తీసుకునేటోళ్లమే, ఇంకోడి సబ్సిడీని ఊరికే తిట్టడం న్యాయం కాదు. అయితే డిస్కం కొనే కరెంటు ఎంత ఖరీదైతే, మన తొమ్మిది గంటల కరెంటుకు ప్రభుత్వం కట్టాల్సింది అంత పెరుగుతుంది. అది భారమైన రోజు మొదట కళ్లు పడేది మన మోటర్ల మీదే. అందుకే కొనే రేటు మన సంగతే.

నేను గాలి కరెంటుకు వ్యతిరేకిని కాను. బొగ్గు రేటు, గ్యాసు రేటు మన చేతిలో లేవు. గాలి రేటు ఒకసారి ఖాయం చేసుకుంటే పాతికేళ్లు కదలదు, అది లాభమే. మొదట్లో ఎవరో ఒకరు ఎక్కువ పెట్టకపోతే ఏ కొత్త పనీ చౌక కాదు. డ్రిప్పు కూడా సబ్సిడీ లేకపోతే మన ఊళ్లకు వచ్చేదా? నేనడిగేది సబ్సిడీ వద్దని కాదు, లెక్క చూపమని. మూడు ప్రశ్నలు:

ఒకటి, డబ్బు బిల్లు నుంచా, ఖజానా నుంచా? తీగల ఖర్చు, మాఫీ ఖర్చు కూడా కలిపి చెప్పాలి. 
రెండు, ఎన్నేళ్లు, ఏ తేదీ నుంచి? మొదలుపెట్టకుండా తప్పించుకునే సందు ఉందా? 
మూడు, మార్కెట్ రేటు పెరిగిన రోజు ఆ లాభం ఎవరికి? వెనక్కి కట్టే షరతు కాగితంలో ఉందా?

వీటిని అడగడానికి చోటుంది. ప్రతి ఏడాదీ డిస్కంలు వచ్చే ఏడాది ఖర్చుల లెక్క విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. మండలి బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, తెలుగులోనే రాయొచ్చు, నిలబడి మాట్లాడొచ్చు. మన వైపు నుంచి పోయేటోళ్లు వేళ్ల మీద లెక్కబెట్టేంత మంది. ఈసారి మండలానికి ఇద్దరన్నా పోదాం. పోయే ముందు మీ ఇంటి బిల్లు తీసి, వాడిన యూనిట్ల చార్జీ కింద ఉన్న ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీ, ట్రూ-అప్ ఒక్కోటీ ఎంతో రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే మాట గట్టిగా వస్తుంది.

ఎవరెవరు వస్తారో కింద ఊరు పేరుతో చెప్పండి. అభ్యంతరం కాగితం నేను ముసాయిదా రాసి పెడతా, అందరం కలిసి దిద్దుకుందాం.